నాలుగో గేటు రేడియో, ఏడో గేటు మనిషి

ముప్పై నాలుగేళ్ల వయసుకే రిటైరయ్యానని చెబితే హనుమకొండ నుంచి మా బాబాయి ఫోన్లో నెమ్మదిగా "పానం మంచిగనే ఉందా బిడ్డా?" అన్నాడు. మంచిగనే ఉంది. తొమ్మిదేళ్లు జర్మనీలోని బ్రెమెన్‌లో ఒక కంట్రోల్ రూమ్ కుర్చీలో కూర్చుని రేడియోలో మాట్లాడాను. ఇప్పుడు బ్యోబ్లింగెన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. ఇక్కడ నేను రోజంతా నోరు తెరవకపోయినా ఎవరి ప్రాణానికీ ఏమీ కాదు. దీన్ని రిటైర్మెంట్ అనకుండా ఇంకేమంటారు? తోటివాళ్లు గోడ గడియారం కూడా ఇచ్చారు. అది ఆరు నిమిషాలు ఆలస్యంగా నడుస్తుంది కాబట్టి ఇక్కడి రైళ్లతో సరిగ్గా కలుస్తుంది.

కొత్తగా ఈ దేశం వచ్చిన మన విద్యార్థులు నాకు మెసేజీలు పెడుతుంటారు. అందరిదీ ఒకటే ఉత్సాహం. పోలీసు రేడియో ఎలా వినాలి, అందులో పేర్లూ అంకెలూ కలిపి పిలుచుకుంటారే, ఆ కాల్ సైన్లు ఎలా అర్థం చేసుకోవాలి, ఆ కుర్చీలో ఉద్యోగం ఎలా ఉంటుంది. చెబుతాను. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఈ విషయం ఎత్తితే నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం రాదు. కానీ ముందే ఒక సంగతి ఒప్పుకుని మొదలుపెడతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊపిరి ఆగిన మనిషి ఏడో గేటు దగ్గర పడి ఉంటే, నేను వైద్య బృందాన్ని నాలుగో గేటుకు పంపాను. కాల్ సైన్ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. అప్పటికి నేను ఆ కుర్చీలో ఐదేళ్లుగా ఉన్నాను.

ముందు ఆ డబ్బా సంగతి

మహేష్‌ది కరీంనగర్. బ్రెమెన్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చిన రెండో నెలలోనే పాత సామాన్ల సంతలో రేడియో మాటలు పట్టే స్కానర్ డబ్బా ఒకటి కొన్నాడు. తెలిసినవాళ్ల వంటింట్లో భోజనాలకు కలిసినప్పుడు దాన్ని పప్పు గిన్నె పక్కన పెట్టి, యాంటెన్నా బయటికి లాగాడు.

"అన్నా, అమెరికల మా కజిన్ పోలీసోళ్ల మాటలన్నీ వింటడట. గీడ మనం గూడ వినొచ్చు గదా?"

"ఏం వినబడ్డది?"

"ఇప్పటిదాంక అయితే… వాన పడ్డట్టు సప్పుడు."

"బ్రెమెన్‌ల దానికి డబ్బా ఎందుకురా? కిటికీ తియ్, సాలు."

జర్మనీలో పోలీసులు, అగ్నిమాపక దళం, అంబులెన్సులు మాట్లాడుకునే రేడియో డిజిటల్. దానికి తాళం వేసి ఉంటుంది. మీ డబ్బా ఎంత మంచిదైనా బుస తప్ప ఏమీ వినిపించదు. పాత పద్ధతిలో నడిచేవి అక్కడక్కడా మిగిలి ఉన్నా, మీకోసం కాని మాటలు వినడం ఇక్కడ నేరం. వీసా మీద బతికే మనం ఒక బుస కోసం పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవడం ఏం సరదా? మహేష్ ముఖం వాడిపోయింది. జాలేసి ఒక మాట అన్నాను. "రేడియోనే కావాల్నంటే మా దగ్గర గేటు డ్యూటీకి రా. సర్కారు ఒప్పుకున్న రేడియో ఇస్తరు, దాంట్ల మనుషులు గూడ మాట్లాడ్తరు." వాడు వచ్చాడు. వస్తూ వస్తూ తన రూమ్మేట్ శ్రీకర్‌ను కూడా తీసుకొచ్చాడు. శ్రీకర్‌ది భీమవరం వైపు. నెమ్మదస్తుడు. ప్రతి వాక్యం చివర "అండి" పెట్టనిదే ఊపిరి పీల్చడు.

మా పని ఏమిటో ఇక్కడే చెప్పాలి. వెజర్ నది ఒడ్డున వేసవిలో ఒక పెద్ద సంత జరుగుతుంది. జెయింట్ వీల్, చేప ముక్కలు పెట్టిన బ్రెడ్డు, డప్పుల బృందాలు, ఇసుక వేస్తే రాలనంత జనం. దానికి తొమ్మిది గేట్లు. కాపలా మా కంపెనీది. మైదానం అంచున ఉన్న రేకుల గదే మా కంట్రోల్ రూమ్. అక్కడ కూర్చునేవాడిని జర్మన్‌లో "సెంట్రాలె" అని పిలుస్తారు. గేటును "టోర్" అంటారు. కాగితం మీద నేను రేడియో పరికరాల ఇంజనీర్ని. కుర్చీలో కూర్చుంటే సెంట్రాలెని.

ఫ్లోరియాన్ అనే మనిషి మీద జాలి

నేను రెండో సెమిస్టర్‌లో పార్ట్‌టైమ్‌గా చేరాను. మొదటి రోజు హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఒళ్లంతా చెవులయ్యాయి. తొమ్మిది గేట్ల గొంతులు, వెనక డప్పులు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఇంకెవరో బదులిస్తున్నారు. అంత గందరగోళంలో ఒక్కరి మాట మీద ఒక్కరి మాట పడటం లేదు. మా ఇంట్లో పెళ్లి మాటలు కూడా ఇలా జరిగి ఉంటే సగం గొడవలు తప్పేవి అనిపించింది.

మా సంతకు అగ్నిమాపక దళం బండ్లు కూడా వచ్చిపోతుండేవి. వాళ్ల ప్రతినిధి మా గదిలో కూర్చుని "ఫ్లోరియాన్ ఇక్కడ, ఫ్లోరియాన్ అక్కడ" అంటుంటే, ఫ్లోరియాన్ అనే ఆయన సెలవు లేకుండా ఊరంతా తిరుగుతున్నాడనుకుని ఒక నెల రోజులు జాలిపడ్డాను. ఫ్లోరియాన్ మనిషి కాదు. మంటల నుంచి కాపాడే పునీతుడి పేరది. అగ్నిమాపక దళం బండ్లన్నిటినీ ఆ పేరుతోనే పిలుస్తారు. రక్షణ హెలికాప్టర్లను క్రిస్టోఫ్ అంటారు. ఆయన ప్రయాణికుల పునీతుడు. మన లారీల మీద ముందు అద్దం పైన దేవుడి పేరు రాసుకుంటామే, వీళ్లు దాన్ని రేడియోలోకి ఎక్కించారు.

అర్థం చేసుకునే పద్ధతి ఇదీ. మొదటి మాట ఏ దళమో చెబుతుంది. తర్వాత ఊరి పేరు. ఆ వెనక వచ్చే అంకెల్లో ఒకటి ఏ స్టేషనో, ఒకటి ఏ రకం బండో, చివరిది ఆ రకంలో ఎన్నోదో చెబుతాయి. నిచ్చెన బండికి ఒక అంకె, నీళ్ల బండికి ఒక అంకె, అంబులెన్సుకు ఒక అంకె. ఆ అంకెల పట్టిక రాష్ట్రానికొకటి. బ్రెమెన్‌లో నేర్చుకున్నది ఇంగోల్‌స్టాట్‌లో పనికిరాదు. పోలీసులదీ ఇదే వరస. వాళ్ల పిలుపు మాటలు మాత్రం ఊరూరికీ మారతాయి. అవి తెలిసినవాళ్లు చెప్పరు, చెప్పేవాళ్లకు తెలియదు.

రెండు అనాలంటే జర్మన్‌లో త్స్వై. మూడు ద్రై. రేడియోలో రెండూ ఒకలాగే వినిపిస్తాయని, రెండును "త్స్వో" అంటారు. ఈ ఒక్కటి నేర్చుకుంటే చాలు, కొత్తవాడివి కావని అందరూ నమ్మేస్తారు. నన్ను ఐదేళ్లు నమ్మారు.

ఫ్రావ్ బేరెన్స్

మా అధికారి ఫ్రావ్, అంటే శ్రీమతి, బేరెన్స్‌కు అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టి జుట్టు, పొడుగు మౌనం. అంతకు ముందు పోలీసు రేడియో గదిలో చాలా ఏళ్లు పని చేసింది. ఆమె నవ్వడం నేను రెండుసార్లు చూశాను. ఒకసారి ఎండ కళ్లలో పడి ఉండవచ్చు.

మొదటి వారం ఆమె నా ఇంటిపేరును రేడియో పద్ధతిలో అక్షరం అక్షరం చెప్పమంది. ఒక్కో అక్షరానికి ఒక్కో మనిషి పేరు చెప్పాలి. థియోడోర్, హైన్రిష్, ఆంటోన్, లుడ్విగ్, మళ్లీ లుడ్విగ్… థాళ్లపల్లి అనడానికి పదకొండు పేర్లు పట్టాయి. అందులో లుడ్విగ్‌లే నలుగురు. ఆమె ఓపిగ్గా విని, "హెర్ థాళ్లపల్లి, మీరు ఆ కుర్చీలో ఉన్నంతసేపూ మీ పేరు సెంట్రాలె. లుడ్విగ్‌లను ఇంటికి పంపించండి" అంది. జర్మనీలో నా పేరును ఎవరూ తప్పుగా పలకని ఒకే ఒక్క చోటు అది. ఎవరూ అసలు పలకలేదు మరి.

ఆమె నేర్పినవి తక్కువ, గట్టివి. ముందు ఎవరిని పిలుస్తున్నావో వాళ్ల పేరు, తర్వాత నీ పేరు, చివర "కోమెన్", అంటే ఇక నువ్వు మాట్లాడు అని. బటన్ నొక్కేముందు ఆలోచించు, నొక్కాక ఒక క్షణం ఆగు. ఎంత పెద్ద విషయమైనా రైలు ఆలస్యమైందని చెప్పే గొంతుతో చెప్పు. రేడియోలో దయచేసి లేదు, ధన్యవాదాలు లేవు. నేను ప్రతి మాటకూ "ఎంట్‌షుల్డిగుంగ్" అని క్షమాపణ చెబుతుంటే ఒక రోజు హెడ్‌ఫోన్ తీయించింది.

"మీరు ఉదయం నుంచి ఇరవైసార్లు క్షమించమన్నారు. ఎవరైనా క్షమించారా?"

"లేదు."

"క్షమించడానికి ఈ చానెల్లో చోటు లేదు. తప్పు మాట్లాడితే 'ఇష్ బెరిష్టిగె' అనండి, అంటే సరిదిద్దుతున్నాను అని. అని, సరైనది చెప్పండి. అంతే."

కఠినమైన మనిషి అనుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. నేను చూసిన అధికారుల్లో గొంతు ఎత్తనివాళ్లు కొందరు ఉన్నారు. ఎదుటివాడి భయం తగ్గించడానికి గొంతు తగ్గించింది మాత్రం ఈమె ఒక్కర్తే.

ఇంకొకటి చెప్పింది. నేను సరిగ్గా వినలేదు. "కాల్ సైన్ మనిషి పేరు కాదు, చోటు పేరు. టోర్ నాలుగు అంటే నాలుగో గేటు దగ్గర నిలబడ్డవాడు. వాడు టీ తాగడానికి వెళ్తే, వాడి చోట నిలబడ్డవాడే టోర్ నాలుగు."

మాకు అలా కాదని చెప్పబోయాను. మా వీధిలో ఒక హెడ్మాస్టరు సారు ఉన్నాడు, రిటైరై ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ ఆయన హెడ్మాస్టరు సారే, ఆయన ఇల్లు హెడ్మాస్టరు ఇల్లే, కుక్క కూడా హెడ్మాస్టరు కుక్కే అన్నాను.

ఆమె ఆలోచించింది. "మరి బడిలో నిప్పంటుకుంటే ఎవరిని పిలుస్తారు?"

"ఆయన్నే పిలుస్తారు."

"బడి కాలిపోతుంది" అంది.

అడ్జస్ట్ చెయ్యన్నా

నేను చేరిన ఐదేళ్లకు జరిగిన సంతలో శ్రీకర్‌ది నాలుగో గేటు. ట్రామ్ స్టాప్ ఎదురుగా ఉంటుంది, జనం తోసుకుంటూ వస్తారు. మహేష్‌ది ఏడో గేటు. నది వైపు మూలన ఉంటుంది, గాలి తప్ప ఎవరూ రారు. ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ మొదలైన కాసేపటికి మహేష్ నా సెల్‌కు ఫోన్ చేశాడు. రేడియోలో కాదు, గమనించండి. రేడియోలో మాట్లాడితే రికార్డవుతుంది.

"అన్నా, జర అడ్జస్ట్ చెయ్యన్నా. శ్రీకర్‌కు రేప్పొద్దుగాల ఎగ్జామ్ ఉన్నది. ఏడు కాడ ఎవరు రారు, వాడు నిలవడి రెండు పేజీలు సదువుకుంటడు. నేను నాలుగు కాడికి పోత. నాకు గీడ నీళ్లను సూస్తుంటే నిద్రొస్తున్నది."

వెనక నుంచి శ్రీకర్ గొంతు: "అన్నయ్యా, మీకు ఇబ్బందైతే వద్దండి."

"ఏం ఇబ్బంది లేదు, కానియ్‌రి" అన్నాను. గోడ మీద ఒక తెల్లబోర్డు ఉంటుంది. ఏ గేటులో ఎవరు, ఏ రేడియో అని అందులో రాసి ఉంటుంది. లేచి నాలుగు అడుగులు వేస్తే సరిపోయేది. నాకు గుర్తుంటుందిలే అనుకున్నాను. మనవాళ్లే కదా, ఇద్దరి గొంతులూ నాకు నిద్రలో కూడా తెలుసు.

వాళ్లు చోట్లు మార్చుకున్నారు. రేడియోలు మార్చుకోలేదు. రేడియో తీసుకునేటప్పుడు ఎవరిదానికి వాళ్లు సంతకం చేస్తారు. సంతకం చేసిన వస్తువు వేరేవాడికి ఇవ్వకూడదని వాళ్లకు గట్టిగా చెప్పింది కూడా నేనే. రేడియో మీద ఏ పేరు రాసి ఉంటే ఆ పేరుతోనే మాట్లాడాలని చెప్పిందీ నేనే. కాబట్టి ఇద్దరూ నేను చెప్పిన ప్రతి నియమాన్నీ తూచా తప్పకుండా పాటించారు. నాలుగో గేటు రేడియో శ్రీకర్ భుజం మీద ఎక్కి ఏడో గేటుకు వెళ్లింది, హెడ్మాస్టరు పదవి సారుతో పాటు ఇంటికి వెళ్లినట్టు.

ఆదివారం

తెర మీద "టోర్ 4" అని వెలిగింది.

"సెంట్రాలె, ఇక్కడ టోర్ నాలుగు. గేటు ముందు ఒక పెద్దాయన పడిపోయారు. ఊపిరి లేదు. గుండె మసాజ్ మొదలుపెడుతున్నాను."

శ్రీకర్ జర్మన్‌లో చెప్పాడు. రైలు ఆలస్యమైందని చెప్పే గొంతుతోనే చెప్పాడు. ఒక్క "క్షమించండి" లేదు. లోపల నేను పొంగిపోయాను కూడా, పిల్లవాడు ఎంత చక్కగా నేర్చుకున్నాడని. పొంగిపోతూనే వైద్య బృందాన్ని పిలిచాను. మైదానం మధ్యలో వాళ్ల డేరా ఉంటుంది, గుండెకు షాక్ ఇచ్చే పెట్టెతో ఒక చిన్న బ్యాటరీ బండి ఉంటుంది. "నాలుగో గేటు, ఊపిరి లేదు." బండి కదిలింది. నగరం అంబులెన్సుకు ఫోన్ చేశాను. నాలుగో గేటు. అంతా అందంగా జరిగింది. ఐదేళ్ల అనుభవమంతా నా వేళ్లలో ఉంది. నాలుగూ ఏడూ మైదానానికి చెరో కొసన ఉన్నాయన్న సంగతి తప్ప అన్నీ సరిగ్గా ఉన్నాయి.

మళ్లీ వెలిగింది, టోర్ 4. ఈసారి ఎవరో స్త్రీ గొంతు. దారిన పోయే ఆవిడ, శ్రీకర్ భుజం మీది రేడియో బటన్ నొక్కి పట్టుకుంది. "హలో? ఎవరైనా వస్తున్నారా? ఈ అబ్బాయి ఒక్కడే చేస్తున్నాడు." వెనకాల శ్రీకర్ లెక్క పెడుతున్నాడు. "పదమూడు, పద్నాలుగు, పదిహేను…" తెలుగులో. ఆ లెక్క వెనక, బాగా దగ్గరగా, ఓడ హారన్ ఒకటి నిడివిగా మోగింది.

ట్రామ్ స్టాప్ దగ్గర ఓడ ఉండదు.

శ్రీకర్ ఉన్నది ఏడో గేటు దగ్గర, నది వైపు. ఇప్పుడు మీకు నిజం చెప్పాలి. ఈ వ్యాసం రాస్తున్నది ఈ ఒక్క పేరా కోసమే. నేను వెంటనే బటన్ నొక్కలేదు. నాలుగు సెకన్లు ఆగాను. రికార్డింగ్‌లో తర్వాత లెక్క పెట్టాను కాబట్టి నాలుగని తెలుసు. ఆ నాలుగు సెకన్లలో నా బుర్ర ఏం చేసిందంటే, చోట్లు మార్చుకున్న సంగతి బయటపడకుండా బండిని ఏడుకు పంపే మాట ఒకటి వెతికింది. ఇద్దరి ఉద్యోగాలు పోతాయి. నాదీ పోతుంది. "పేషెంట్ ఏడో గేటుకు మారాడు" అందామా అనుకున్నాను. అంటే ఊపిరి లేని మనిషి లేచి మైదానం దాటి నడిచి వెళ్లాడని చెప్పాలన్నమాట. అబద్ధం ఎంత తెలివితక్కువగా ఉందో చూశాక గాని నాకు నిజం గుర్తుకు రాలేదు.

వెనక ఫ్రావ్ బేరెన్స్ నిలబడి ఉంది.

బటన్ నొక్కాను. "అందరికీ సెంట్రాలె. ఇష్ బెరిష్టిగె. టోర్ నాలుగు రేడియో ఏడో గేటు దగ్గర ఉంది. పేషెంట్ ఏడో గేటు, నది వైపు. పొరపాటు సెంట్రాలెది."

బ్యాటరీ బండి పలకలేదు. డప్పుల బృందం పక్కనుంచి వెళ్తున్నారు, వాళ్లకు వినిపించలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడు తెర మీద "టోర్ 7" వెలిగింది. నాలుగో గేటు దగ్గరున్న మహేష్.

"సెంట్రాలె, ఇక్కడ టోర్ ఏడు, నాలుగో గేటు నుంచి. నేను విన్నాను. బండి నా కళ్ల ముందే ఉంది. ఆపుతున్నాను." ఆ తర్వాత బటన్ వదలడం మరిచిపోయాడు. చానెల్ అంతా తెలుగు వినిపించింది. "ఆగురి! ఆగురి సార్! గిటు కాదు, గటు!"

బండి నడిపే అతను తెలుగు రానివాడైనా, చేతులు రెండూ చాపి బండికి అడ్డం నిలబడ్డ ఆరడుగుల కరీంనగర్ మనిషిని సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. బండి తిరిగింది. నేను నగరం అంబులెన్సుకు మళ్లీ ఫోన్ చేసి గేటు మార్చాను. తర్వాత చేయడానికి నాకేమీ మిగల్లేదు. ఈ ఉద్యోగంలో అదే అన్నిటికంటే కష్టమైన పని. మీరు అన్నీ చెప్పేశాక, ఎవరో ఒకరు పరుగెత్తుతుంటారు, మీరు కుర్చీలో కూర్చుని తెరను చూస్తుంటారు.

చివరకు వైద్య బృందం గొంతు వచ్చింది. "సెంట్రాలె, ఏడో గేటు దగ్గర ఉన్నాం. షాక్ ఇచ్చాం. నాడి వచ్చింది."

"అర్థమైంది" అన్నాను. రైలు ఆలస్యమైందని చెప్పే గొంతు ఆ రోజు నాకు రాలేదు.

మనవాళ్లు అంటే ఎన్నో గేటు

వాళ్లు వచ్చేదాకా ఆయన ఛాతీని ఆపకుండా నొక్కుతూ ఉన్నది శ్రీకర్. ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే ప్రథమ చికిత్స క్లాసు తప్పనిసరి. కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు, శనివారం ఖాళీగా ఉందని వెళ్లాడట. సాయంత్రం డేరా వెనక కూర్చుని మోకాళ్లు పట్టుకుని అడిగాడు.

"అన్నయ్యా, ముప్పై అయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలాండీ, ముప్పై ఒకటి అనాలాండీ? నేను నూట డెబ్బై దాకా వెళ్లిపోయానండి."

మహేష్ వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు. "నువ్వు రేపు ఎగ్జామ్‌ల గూడ గట్లనే రాయ్, పాసైతవ్."

నన్ను ఫ్రావ్ బేరెన్స్ లోపలికి పిలిచింది. బోర్డు ముందు నిలబడి ఉంది.

"వాళ్లు చోట్లు మార్చుకున్నారని ఎవరికి తెలుసు?"

"నాకు."

"ఇంకా?"

"నాకొక్కడికే."

"బోర్డు మీద ఎందుకు రాయలేదు?"

"మనవాళ్లే కదా అని."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు, నిజంగా తెలుసుకుందామని అడిగింది. "మనవాళ్లు అంటే ఎన్నో గేటు?"

మన మీద మనకు ఉండే ఆ నమ్మకం, ఆ "నేను చూసుకుంటాలే", దాని వల్లే పరాయి దేశంలో అద్దె ఇల్లు దొరుకుతుంది, ఎయిర్‌పోర్టులో దింపేవాడు దొరుకుతాడు, జ్వరం వస్తే రసం దొరుకుతుంది. దాన్ని నేను తిట్టను. కానీ అది నా బుర్రలో మాత్రమే ఉంది. నేను ఆ నిమిషం కుర్చీలో లేకుండా ఇంకెవరైనా ఉండి ఉంటే, ఓడ హారన్ విన్నా వాళ్లకు ఏమీ తెలిసేది కాదు. బోర్డు మీద రాసి ఉంటే ఎవరికైనా తెలిసేది. నమ్మకం ఉన్నచోటే రాసి పెట్టాలి. నమ్మకం లేనిచోట మనం ఎలాగూ రాస్తాం.

"రేడియోలో మీ చివరి వాక్యం అనవసరం" అంది ఆమె. "పొరపాటు ఎవరిదో బండి నడిపేవాడికి అక్కర్లేదు."

"సరే."

"రిపోర్టులో మాత్రం అదే మొదటి వాక్యం కావాలి. దానికి ముందున్న నాలుగు సెకన్లు కూడా."

ఆమెకు తెలుసు. వెనకే నిలబడి ఉంది కదా.

రాశాను. పిల్లలిద్దరినీ ఆమె ఏమీ అనలేదు. చెప్పిన నియమాలన్నీ పాటించినవాళ్లను ఏమంటాం అంది. నన్ను ఆ సీజన్ ముగిసేదాకా కుర్చీలోంచి తీసేసి ఏడో గేటు దగ్గర నిలబెట్టింది. గాలి బాగా వస్తుంది, మహేష్ చెప్పింది నిజమే, నీళ్లను చూస్తుంటే నిద్రొస్తుంది. మర్నాడు ఉదయానికల్లా ప్రతి గేటు స్తంభానికీ ఒక కొక్కెం, దానికి అంకె రాసిన రేడియో వేలాడుతున్నాయి. మనుషులు ఎటైనా వెళ్లవచ్చు, రేడియో గేటు దాటదు. అది నాకు శిక్ష కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె నా మీద కోపం తీర్చుకోలేదు, నాలాంటివాడు మళ్లీ వచ్చినా తప్పు చేయలేని ఏర్పాటు చేసింది.

మరుసటి వేసవి ఆ పెద్దాయన వచ్చాడు. ట్రామ్ నడిపి రిటైరైన మనిషి, పక్కన భార్య. శ్రీకర్‌ను వెతుక్కుంటూ ఏడో గేటుకు వచ్చాడని తెలిసి మేమంతా వెళ్లాం. కౌగిలింతలు, కన్నీళ్లు ఉంటాయని మహేష్ ఫోన్ కెమెరా కూడా తీశాడు. ఆయన శ్రీకర్‌ను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా? బాగుంది. ఆ రోజు నా టోపీ పోయింది. నీలం రంగుది" అన్నాడు.

టోపీ నిజంగానే మా పోయిన వస్తువుల పెట్టెలో ఏడాదిగా ఉంది. ఆయన తల కింద శ్రీకర్ మడిచి పెట్టింది అదే. ఆయన దాన్ని దులిపి, పెట్టుకుని, గేటులోంచి లోపలికి నడిచి వెళ్లాడు, చేప బ్రెడ్డు తినడానికి. భార్య మాత్రం ఒక్క క్షణం వెనక ఆగింది. శ్రీకర్ రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూసింది. తర్వాత ఆయన వెనకే వెళ్లిపోయింది.

కుర్చీ

మహేష్ ఇప్పుడు ఇంగోల్‌స్టాట్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఫోన్ చేస్తే "సెంట్రాలె, ఇక్కడ మహేష్, కోమెన్" అంటాడు. భార్య అలవాటు మాన్పించలేకపోయింది. ఫ్రావ్ బేరెన్స్ నాకంటే ముందే, సరైన వయసులో రిటైరయింది. శ్రీకర్ ఆ పరీక్ష తప్పాడు. మళ్లీ రాసి పాసయ్యాడు. చదువయ్యాక మా కంపెనీలోనే చేరాడు.

నా చివరి రోజు మధ్యాహ్నం హెడ్‌ఫోన్ తుడిచి బల్ల మీద పెట్టి లేచాను. శ్రీకర్ కూర్చున్నాడు. గడియారం ఇచ్చి వెళ్దామని ఫ్రావ్ బేరెన్స్ కూడా వచ్చింది. నేను చానెల్లో చెప్పడానికి ఒక పేజీ వీడ్కోలు రాసుకుని జేబులో పెట్టుకున్నాను. మధ్యలో ఒక చమత్కారం, చివర కాస్త తడి.

"అన్నయ్యా, ఒక్క మాట మాట్లాడండి" అని శ్రీకర్ మైకు జరిపాడు.

ఫ్రావ్ బేరెన్స్ నా జేబు వైపు చూసింది. "రేడియోలో వీడ్కోలు అనే మాట లేదు" అంది.

కాగితం జేబులోనే ఉంచాను. జాకెట్ కోసం తలుపు దగ్గరికి వెళ్లాను. అప్పుడు స్పీకర్ పలికింది.

"సెంట్రాలె, ఇక్కడ టోర్ ఏడు, కోమెన్."

నా నోరు తెరుచుకుంది. తొమ్మిదేళ్లు ఆ పేరు పిలిస్తే పలికిన నోరు మరి. కానీ నేను తలుపు దగ్గర ఉన్నాను, కుర్చీ అక్కడ ఉంది.

"టోర్ ఏడు, ఇక్కడ సెంట్రాలె, కోమెన్" అన్నాడు శ్రీకర్, రైలు ఆలస్యమైందని చెప్పే గొంతుతో.

ఏడో గేటు. గదిలో ముగ్గురమూ కదల్లేదు. చానెల్లో ఒక క్షణం బుస, దాని వెనక ఎక్కడో ఓడ.

"టాయిలెట్లో పేపర్ అయిపోయింది. ఇక్కడ ఉన్నది టీనా, ఉవే భోజనానికి వెళ్లాడు."

"అర్థమైంది" అన్నాడు శ్రీకర్. హెడ్‌ఫోన్ మెడ మీదికి దించుకుని, లేచి, గోడ దాకా నాలుగు అడుగులు నడిచి, ఏడో గేటు ఎదురుగా ఉవే పేరు తుడిచి టీనా అని రాశాడు. వచ్చి కూర్చున్నాడు.

నేను జాకెట్ వేసుకున్నాను.